పెట్టెలో బొమ్మలు, గాజు బీరువాలో బొమ్మలు

హిందీలో గుడియా వేరు, ఖిలౌనా వేరు, తస్వీర్ వేరు. తెలుగులో ఈ మూడింటికీ ఒకటే మాట: బొమ్మ. చంటిపాప చేతిలో ఉన్నది బొమ్మ, పుస్తకంలో గీసినది బొమ్మ, గుడి గోపురం మీద ఉన్నదీ బొమ్మే. థియేటరులో సినిమా మొదలైతే మన పెద్దవాళ్లు "బొమ్మ పడింది" అంటారు. నాణెం ఎగరేస్తే బొమ్మా బొరుసా అని అడుగుతాం. పొలంలో నిలబెట్టేది దిష్టిబొమ్మ, తెర వెనక నుంచి ఆడించేది తోలుబొమ్మ. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, ఇంగ్లీషు మాట్లాడే మనకు ఈ మాట ఒక్కోసారి చిక్కు తెచ్చిపెడుతుంది. "బొమ్మ తెచ్చాను" అంటే గీసిన బొమ్మో, ఆడుకునే బొమ్మో తెలియదు. ఈ పాఠంలో మాత్రం ఆ చిక్కే మనకు పనికొస్తుంది. ఎందుకంటే ప్రపంచమంతటా పేరున్న ఒక గుడ్డబొమ్మకు పేరు తెచ్చింది కాగితం మీద గీసిన ఒక బొమ్మ. మన దేశంలో పేరున్న ఒక బొమ్మల మ్యూజియాన్ని పెట్టింది బొమ్మలు గీసే మనిషి.

ముందు గుడ్డబొమ్మ సంగతి చూద్దాం. 1902 నవంబరులో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీ రాష్ట్రానికి వేటకు వెళ్లాడు. ఆయనకు ఎలుగుబంటి ఎదురుపడలేదు. వెంట ఉన్నవాళ్లు ఒక ఎలుగును పట్టి, చెట్టుకు కట్టేసి, వచ్చి కాల్చమన్నారు. కట్టేసిన జంతువును కాల్చడం వేట కాదని ఆయన తుపాకి ఎత్తలేదు. నవంబరు 16న వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో క్లిఫర్డ్ బెర్రీమన్ ఈ సంఘటన మీద కార్టూన్ వేశాడు. నిజానికి ఆ ఎలుగు అప్పటికే బాగా గాయపడి ఉంది. దాని బాధ తీరేలా చంపెయ్యమని చెప్పింది కూడా రూజ్‌వెల్టే. కార్టూన్‌లో ఆ ముక్క లేదు. పైగా తర్వాత వేసిన కార్టూన్లలో బెర్రీమన్ ఆ ఎలుగును ఇంకా చిన్నదిగా, ముద్దుగా గీస్తూ పోయాడు. జనానికి నచ్చింది ఆ గీసిన ఎలుగే. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో మిఠాయి దుకాణం నడుపుకునే మోరిస్ మిచ్‌టమ్, ఆయన భార్య రోజ్ దాన్ని చూసి గుడ్డతో ఒక ఎలుగు కుట్టి దుకాణం కిటికీలో పెట్టారు. థియోడర్‌ను ముద్దుగా పిలిచే పేరు టెడ్డీ. అలా అది టెడ్డీ ఎలుగు అయింది.

దాదాపు అదే రోజుల్లో, ఈ కబురేమీ తెలియకుండానే, జర్మనీలోని గీంగెన్ అనే ఊళ్లో ఇంకో ఎలుగు తయారవుతోంది. అక్కడి కథ మార్గరెట్ స్టైఫ్‌ది. పసితనంలోనే పోలియో వచ్చి ఆమె కాళ్లు చచ్చుబడ్డాయి, కుడి చెయ్యి కూడా సరిగా ఆడేది కాదు. చక్రాల కుర్చీలో కూర్చునే కుట్టుపని నేర్చుకుంది. 1880లో సూదులు, గుండుసూదులు గుచ్చుకోవడానికి ఫెల్ట్ గుడ్డతో చిన్న ఏనుగును కుట్టింది. ఆమె కుట్టింది పెద్దవాళ్ల కుట్టుపెట్టె కోసం. ఎత్తుకుపోయి ఆడుకున్నది మాత్రం పిల్లలు. అక్కడి నుంచే ఆమె బొమ్మల వ్యాపారం పెరిగింది. ఆమె మేనల్లుడు రిచర్డ్ జంతు ప్రదర్శనశాలకు వెళ్లి ఎలుగులను చూసి బొమ్మలు గీసుకునేవాడు. ఇక్కడ కూడా ముందు కాగితం, తర్వాత గుడ్డ. కాళ్లూ చేతులూ కదిలేలా, 55 సెంటీమీటర్ల ఎత్తున అతను రూపొందించిన ఎలుగును 1903లో లైప్‌జిగ్ సంతలో పెట్టారు. ఒక అమెరికా వ్యాపారి ఏకంగా 3,000 కావాలన్నాడు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఆ 3,000 ఎలుగుల్లో ఈనాటికి ఒక్కటి కూడా ఎక్కడా దొరకలేదు. తయారైన లెక్క ఉంది, నమూనా పేరు ఉంది, బొమ్మ లేదు. ఏమైపోయాయో ఊహించడం కష్టం కాదు. పిల్లలు వాటితో పడుకున్నారు, ఈడ్చుకు తిరిగారు, చెవులు పీకారు, చివరికి పారేశారు. బొమ్మ చేయాల్సిన పనే అది. ఆ మరుసటి ఏడాది, అంటే 1904లో, ఆ కంపెనీ తమ బొమ్మల చెవికి చిన్న లోహపు గుండీ కుట్టడం మొదలుపెట్టింది. నకిలీ బొమ్మల నుంచి తప్పించుకోవడానికి పెట్టిన గుర్తు అది. ఇప్పుడు పాత టెడ్డీలు సేకరించేవాళ్లు ముందు వెతికేది ముద్దొచ్చే ముఖాన్ని కాదు, చెవిలో గుండీని. అది ఉంటే బొమ్మ ఎక్కడిదో, సుమారుగా ఏ కాలానిదో చెప్పగలరు. ఆడుకునే బొమ్మకూ మ్యూజియంలో ఉండే బొమ్మకూ తేడా ఎక్కడుందంటే, ధరలో లేదు, అందంలో లేదు. దాని వెనక ఉన్న వివరం తెలుసా లేదా అన్నదాంట్లో ఉంది. మిచ్‌టమ్ దంపతుల కాలపు టెడ్డీ ఒకటి వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. స్టైఫ్ కంపెనీకి గీంగెన్‌లోనే సొంత మ్యూజియం ఉంది.

ఇక మన దేశపు మ్యూజియానికి వద్దాం. అమెరికాలో ఆ కార్టూన్ అచ్చయిన 1902లోనే కేరళలోని కాయంకుళంలో కేశవ శంకర్ పిళ్లై పుట్టాడు. పెద్దయ్యాక ఆయనా కార్టూనిస్టే అయ్యాడు. 1948లో శంకర్స్ వీక్లీ అనే వ్యంగ్య పత్రిక పెట్టాడు. ఆ మరుసటి ఏడాది నుంచి పిల్లలకు చిత్రలేఖనం పోటీలు నడిపాడు. 1957లో పిల్లల పుస్తకాల కోసం చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్ స్థాపించాడు. బొమ్మల సంగతి ఆ పోటీల దగ్గరే మొదలైంది. పోటీలో బహుమతిగా ఇవ్వమని హంగరీ రాయబారి ఒక బొమ్మ తెచ్చి ఇచ్చాడు. శంకర్‌కు అది ఎంత నచ్చిందంటే, ఆ తర్వాత ఏ దేశం వెళ్లినా అక్కడి బొమ్మ ఒకటి తెచ్చుకోవడం అలవాటు చేసుకున్నాడు. ప్రధాని నెహ్రూతో పాటు విదేశాలకు వెళ్లే పత్రికా రచయితల్లో ఆయన కూడా ఉండేవాడు కాబట్టి బొమ్మలు వేగంగానే పోగుపడ్డాయి. పిల్లలు గీసిన బొమ్మలతో పాటు ఈ బొమ్మలను కూడా ఊరూరా తీసుకెళ్లి ప్రదర్శించేవాడు. పెట్టెల్లో కట్టడం, విప్పడం, మళ్లీ కట్టడం. బదిలీల ఇళ్లలో పెరిగే మనకు ఆ అవస్థ వేరే చెప్పక్కర్లేదు. ఆ తిప్పుడులో బొమ్మలు దెబ్బతినేవి. ఇలాంటి ఒక ప్రదర్శనకు వచ్చిన ఇందిరాగాంధీ, వీటికి స్థిరంగా ఒక చోటు ఉంటే బాగుంటుందని అన్నారట.

అలా ఢిల్లీలో బహదూర్ షా జఫర్ మార్గ్‌లోని నెహ్రూ హౌస్‌లో శంకర్ అంతర్జాతీయ బొమ్మల మ్యూజియం ఏర్పడింది. 1965 నవంబరు 30న అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ దాన్ని ప్రారంభించారు. ఆరోజు అక్కడున్నవి సుమారు 1,000 బొమ్మలు. ఆ తర్వాత అవి పెరిగి దాదాపు 85 దేశాల నుంచి 6,500 దాకా అయ్యాయి. గోడల వెంబడి గాజు బీరువాలు ఉంటాయి. ఒక సగంలో ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా వైపు దేశాలు, రెండో సగంలో ఆసియా, ఆఫ్రికా, భారతదేశం. జపాన్ కబుకి నటులు, స్పెయిన్ నాట్యగత్తెలు, హంగరీ పల్లెజనం అందరూ గాజు వెనక నిలబడి ఉంటారు. మాకు అన్నిటికంటే నచ్చిన విషయం ఇంకొకటుంది. ఆ మ్యూజియానికి అనుబంధంగా బొమ్మలు చేసే కార్ఖానా ఉంది. మన రాష్ట్రాల వధూవరులు, నాట్యాలు, కట్టుబొట్టు చూపించే 150 రకాల బొమ్మలు అక్కడ తయారయ్యాయి. చీర కట్టు ఏ ప్రాంతానిది, నగ ఎక్కడ పెడతారు, తలపాగా ఎటు చుడతారు అని విచారించి మరీ చేసేవారు. విదేశాల నుంచి బొమ్మ కానుకగా వస్తే, బదులుగా ఈ బొమ్మలను పంపేవారు. అంటే ఆ గాజు బీరువాల్లో ఉన్న బొమ్మల్లో కొన్నిటికి జోడీలు ఇప్పుడు ఏ దేశంలోనో ఉన్నాయన్నమాట. ఈ కార్ఖానా బొమ్మలకు 1980లో పోలండ్‌లోని క్రాకో నగరంలో జరిగిన బొమ్మల ఉత్సవంలో మొదటి బహుమతి కూడా వచ్చింది.

మీరు ఢిల్లీ వెళ్లినప్పుడు ఈ మ్యూజియం చూస్తే ఒక చిన్న పని చేయండి. వేల బొమ్మలున్నాయి కదా అని పరుగులు పెట్టకుండా, మూడే మూడు బొమ్మల ముందు నిలబడండి. చేతులు దేనితో చేశారు, ముఖం గీశారా చెక్కారా, బట్ట నేసిందా అచ్చు వేసిందా, కాళ్లకు చెప్పులున్నాయా అని చూడండి. చలిదేశపు బొమ్మకు బూట్లుంటాయి. మన బొమ్మల్లో చాలావాటికి పాదాలకు పారాణి ఉంటుంది. హైదరాబాదు వెళ్లేవారికి సాలార్‌జంగ్ మ్యూజియంలో పిల్లల విభాగం ఒకటి ఉంది. అక్కడి సీసపు సైనికుల పటాలాన్ని కూడా ఇలాగే చూడొచ్చు.

ఢిల్లీ, హైదరాబాదు సరే, భిలాయిలో ఏముంది అంటారా? ఈ ఊరికి రష్యా బొమ్మ ఒకటి దగ్గరి చుట్టం. 1955 ఫిబ్రవరి 2న భారత ప్రభుత్వం, సోవియట్ ప్రభుత్వం ఇక్కడ ఉక్కు కర్మాగారం కట్టడానికి ఒప్పందం చేసుకున్నాయి. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ రోజుల్లో రష్యా ఇంజనీర్లు ఇక్కడికి వచ్చి ఉన్నారు, ఇక్కడివాళ్లు శిక్షణకు అక్కడికి వెళ్లారు. అందుకే టౌన్‌షిప్‌లో పాతకాలం నుంచి ఉన్నవాళ్ల ఇంట్లో, షోకేసులో ఒక మాత్రియోష్కా కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. తలకు రుమాలు కట్టుకున్న చెక్క అమ్మాయి, ఆమె నడుం దగ్గర తిప్పి తీస్తే లోపల ఇంకో అమ్మాయి, ఆమెలో ఇంకొకరు. ఇది ఏదో అనాదిగా వస్తున్న బొమ్మ అనుకుంటాం కానీ దాని వయసు నూట ముప్పై ఏళ్ల చిల్లరే. 1890లలో చిత్రకారుడు సెర్గేయ్ మల్యూతిన్ గీసిన బొమ్మను బట్టి వసీలీ జ్వ్యోజ్దొచ్కిన్ అనే పనివాడు మొదటిదాన్ని చేశాడు. అందులో ఎనిమిది బొమ్మలు. అన్నిటికంటే పైన ఉన్న అమ్మాయి చేతిలో నల్ల కోడిపుంజు ఉంటుంది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఈ రకం బొమ్మకు పతకం వచ్చాక ప్రపంచమంతా పాకింది. మాత్రియోనా అన్నది పల్లెటూరి ఆడవాళ్ల పేరు, మన సీతమ్మ, లక్ష్మమ్మ లాగా. మొదటి మాత్రియోష్కా సెర్గియెవ్ పొసాద్ పట్టణంలోని బొమ్మల మ్యూజియంలో ఉంది. ఆ మ్యూజియం 1918లో మాస్కోలో పుట్టి, 1931లో ఆ పట్టణానికి వెళ్లింది. మ్యూజియాలకూ బదిలీలుంటాయి మరి.

మాత్రియోష్కాను లేత్ మీద తిప్పి చేస్తారు. లేత్ అంటే ఏమిటో ఈ ఊరి పిల్లలకు చెప్పనక్కరలేదు. మెషిన్ షాపులో పనిచేసేవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. అక్కడ ఉక్కు తిరుగుతుంది, ఇక్కడ లిండెన్ అనే మెత్తని చెక్క తిరుగుతుంది. ముందుగా తయారయ్యేది పెద్దది కాదు, అన్నిటికంటే లోపల ఉండే గట్టి బుల్లి బొమ్మ. దాని కొలతకు తగ్గట్టు దాని పై బొమ్మ, దాన్ని బట్టి మరొకటి.

ఇదే పద్ధతిలో తిరిగే చెక్క మన వైపు కూడా ఒకచోట ఉంది. దుర్గ్‌లో విశాఖపట్నం రైలు ఎక్కి, అక్కడి నుంచి ఇంకాస్త ముందుకు పోతే అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక వస్తుంది. అక్కడివాళ్లు అంకుడు కర్రను లేత్ మీద తిప్పి నునుపు చేస్తారు. రంగు వేయడానికి కుంచె వాడరు. రంగు కలిపిన లక్క కణికను తిరుగుతున్న కర్రకు ఆనిస్తారు. రాపిడికి వేడి పుట్టి లక్క కరిగి చెక్కకు పట్టుకుంటుంది. ఆ తర్వాత మొగలి ఆకుతో ఒత్తి తిప్పితే అద్దంలా మెరుస్తుంది. రంగులు పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటి వాటి నుంచి తీస్తారు. మధ్యలో రసాయన రంగులు వచ్చి ఈ పద్ధతిని దాదాపు మింగేశాయి. బొమ్మ నోట్లో పెట్టుకునే పసిపిల్లలకు అవి మంచివి కావు. ఆ ఊరివాడైన సి.వి. రాజు పనివాళ్లతో కలిసి చెట్ల రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చారు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవి ఈ బొమ్మలే.

ఏటికొప్పాకలో చేసే బొమ్మల్లో మన అమ్మమ్మలందరికీ తెలిసినవి లక్కపిడతలు. బుల్లి పొయ్యి, బుల్లి కుండ, తిరగలి, రోలు. "లక్కపిడతల ఆట" అంటే ఉత్తుత్తి వంట. ఛత్తీస్‌గఢ్‌లో ఇదే ఆట మట్టితో ఆడతారు. పోరా పండుగ దగ్గరపడగానే బజారులో కుమ్మరులు మట్టి ఎద్దులు పెట్టుకుని కూర్చుంటారు. వాటి పేరు నందియా బైలా. చక్రాలుంటాయి, తాడు కట్టి లాగొచ్చు. పక్కనే జాతా-పోరా, అంటే మట్టి తిరగలి, పొయ్యి, గిన్నెలు. అక్తి నాడు, మనం అక్షయ తృతీయ అనే రోజున, ఇక్కడి పిల్లలు పుతరా-పుతరీ అనే మట్టి బొమ్మల జంటకు పెళ్లి చేస్తారు. పందిరి, పాటలు, భోజనాలు అన్నీ ఉంటాయి. మన బొమ్మల పెళ్లి చూసినవాళ్లకు ఇది పరాయి పండుగలా అనిపించదు. పక్క క్వార్టరు స్నేహితులు పిలిస్తే తప్పకుండా వెళ్లండి, మగపెళ్లివారా ఆడపెళ్లివారా ముందే అడిగి వెళ్లండి. ఇక మట్టి ఎద్దును దాచిపెట్టాలా అంటే, మా ఉద్దేశంలో అక్కర్లేదు. లాగి, పరిగెత్తించి, కాలు విరగ్గొట్టడమే దానికి మర్యాద. వచ్చే ఏడాదికి కుమ్మరి ఇంకొకటి చేస్తాడు. కానీ ఏటా ఒకదాన్ని ఫోటో తీసి పెట్టుకోవచ్చు.

అన్ని బొమ్మలూ అలా విరిగిపోవడానికి పుట్టలేదు. మన ఇళ్లలో బొమ్మల కొలువు పెడతారు. కొందరు దసరాకు, కోస్తా వైపువాళ్లు ఎక్కువగా సంక్రాంతికి. మెట్లు బేసి సంఖ్యలో ఉంటాయి. ఎర్రచందనంతో చేసిన రాజు, రాణి, అంటే మరపాచి బొమ్మలు, పైమెట్టు మీద ఉంటాయి. కొన్ని ఇళ్లలో అవి అమ్మ పెళ్లికి వచ్చినవి, కొన్నిచోట్ల అమ్మమ్మ పెళ్లివి. బియ్యం, పప్పులు ముందు పోసుకుని దుకాణం పెట్టిన దంపతులు ఉంటారు. దశావతారాలు, అంబారీ ఏనుగు, తాటిచెట్టెక్కే మనిషి కొండపల్లి నుంచి వస్తాయి. తేలికైన తెల్లపొణికి కర్రతో చేసిన ఆ బొమ్మల చేతులు, కాళ్లు విడిగా చెక్కి, చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అంబారీ ఏనుగు దంతం ఊడితే ఫెవికాల్‌తో అతికించేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి. ఆ పనివాళ్ల పూర్వులు రాజస్థాన్ వైపు నుంచి వచ్చారని చెబుతారు. ఇప్పుడు వారి పెద్ద కష్టం తెల్లపొణికి చెట్టే. చుట్టుపక్కల అడవుల్లో అది తరిగిపోతోంది.

కొలువుకు ఏటా ఒక కొత్త బొమ్మ చేర్చాలన్నది ఆచారం. స్థిరంగా ఒకే ఊళ్లో ఉండేవారి ఇంట్లో ఆ బొమ్మలన్నీ ఇంచుమించు ఒకే బజారువి. బదిలీ ఉద్యోగుల ఇంట్లో అలా కాదు. బస్తర్ దగ్గర ఉన్న ఏడాది డోక్రా ఇత్తడి ఏనుగు చేరుతుంది, బెంగాల్‌లో ఉన్నప్పుడు కృష్ణనగర్ మట్టి బొమ్మ, కర్ణాటకలో ఉంటే చెన్నపట్న చెక్క బొమ్మ. మెట్ల మీద నాన్నగారి ఉద్యోగమంతా వరసగా కూర్చుని ఉంటుంది. శంకర్ దేశాలు తిరిగి చేసిన పనినే మన అమ్మలు ఊళ్లు మారుతూ చేస్తున్నారు. ఒక్కటే తేడా. ఢిల్లీలో ప్రతి బొమ్మ దగ్గరా దేశం పేరు రాసి ఉంటుంది. మన బొమ్మల వివరం అమ్మ నోట్లోనో, అమ్మమ్మ నోట్లోనో ఉంటుంది.

అది ఎంత సన్నని దారమో బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజున తెలుస్తుంది. సామాను కట్టేవాళ్లు జాబితా రాస్తారు. ఫ్రిజ్ అయితే కంపెనీ పేరు, ఎన్ని లీటర్లు, గీతలున్నాయా అని రాస్తారు. పదిహేనేళ్ల కొలువు మాత్రం "బొమ్మలు, ఒక డబ్బా" అవుతుంది. కొత్త ఊళ్లో ఆ డబ్బా తడిసి వచ్చినా, అసలు రాకపోయినా, పోయింది ఏమిటో చెప్పడానికి మన దగ్గర కాగితం ఉండదు. డబ్బా క్షేమంగా వచ్చినా, చెప్పే మనిషి లేని రోజున ఎర్రచందనం రాణి కూడా ఉత్త పాత చెక్కబొమ్మే.

మ్యూజియాలు ఇందుకే ప్రతి వస్తువుకూ ఒక చీటీ రాస్తాయి. మనమూ రాయొచ్చు. అట్టముక్క చాలు. ఉదాహరణకు ఇలా: "సంఖ్య 7. తాడిచెట్టెక్కే మనిషి. కొండపల్లి. తెల్లపొణికి కర్ర, రంగులు. ఎత్తు జానెడు. 2016లో విజయవాడ బస్టాండులో నానమ్మ కొన్నది. ఎడమ చెయ్యి ఒకసారి ఊడి అతికించాం. కాగడా రంగు వెలిసింది." కాగడా ఎక్కడిది అంటారా? లేదు. అలా చూడకుండా రాస్తే చీటీ ఉండీ లేనట్టే, అందుకే బొమ్మను చేతిలో పట్టుకుని రాయాలి. దెబ్బ తగిలిన చోటు తప్పకుండా రాయాలి. రెండు బొమ్మలు ఒకేలా ఉంటే అదే గుర్తు. ఎవరు కొన్నారో, ఎందుకు కొన్నారో తెలియాలంటే పెద్దవాళ్లను అడగాలి. ఇంటికి దూరంగా ఉన్న అమ్మమ్మకు బొమ్మ ఫోటో పంపి, ఫోనులో ఆమె చెప్పేది తెలుగులోనే, ఆమె మాటల్లోనే రాసుకోండి. ఆమె "బొమ్మ" అనకుండా "మా రాణమ్మ" అంటే చీటీలో కూడా రాణమ్మ అనే రాయండి. సంఖ్యను బొమ్మ అడుగున మెత్తటి పెన్సిలుతో సన్నగా వేయాలి, స్టిక్కరు అంటిస్తే తీసేటప్పుడు రంగు ఊడివస్తుంది. చీటీలన్నీ ఫోటో తీసి ఇంకోచోట దాచుకోవాలి. బొమ్మలూ చీటీలూ ఒకే డబ్బాలో పెడితే రెండూ కలిసే పోతాయి.

భిలాయి వాతావరణం బొమ్మలకు కొంచెం కఠినమైనది. మే నెల ఎండకు చెక్క ఎండి బీటలు తీస్తుంది, వానాకాలంలో తేమకు ఉబ్బుతుంది. వానాకాలంలో మాత్రియోష్కా మూత బిగుసుకుంటే బలవంతంగా తిప్పకండి. నాలుగు పొడి రోజులు చూడండి, తనే వదులవుతుంది. చెట్ల రంగులు వేసిన బొమ్మలను కిటికీ ఎండలో పెడితే ఒక వేసవికే పాలిపోతాయి. కొండపల్లి బొమ్మను తడిగుడ్డతో తుడవకూడదు, పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. వేపాకు వేసే అలవాటు మంచిదే కానీ పచ్చి ఆకు తేమ తెస్తుంది, నీడన ఎండబెట్టినది వేయాలి. టెడ్డీ వంటి గుడ్డబొమ్మకు పురుగు పడితే పెద్ద మ్యూజియాలు చేసే ఉపాయం ఒకటుంది. ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా కట్టి, డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచుతారు. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పరు, విప్పితే చల్లని బొమ్మ మీద నీరు పడుతుంది. ఇంట్లో చేయాలంటే అమ్మను అడిగే చేయండి, ఫ్రీజర్ ఆమెది. రంగు వేసిన చెక్కబొమ్మలకు ఈ ఉపాయం పనికిరాదు.

సర్దేటప్పుడు మట్టి బొమ్మలు, ఇత్తడి బొమ్మలు విడి డబ్బాలో అడుగున ఉండాలి. తేలికైన కొండపల్లివి పైన. వార్తాపత్రిక సిరా తెల్లరంగుకు అంటుకుంటుంది కాబట్టి ముందు పాత నూలు గుడ్డ చుట్టి, దాని మీద కాగితం చుట్టాలి. చేతులు చాచిన బొమ్మలకు చేతికీ ఒంటికీ మధ్య గుడ్డ కూరాలి, విరిగేది ఎప్పుడూ అక్కడే. పుతరా-పుతరీని మాత్రం పక్కపక్కనే పెట్టండి, పెళ్లయినవాళ్లు కదా. టెడ్డీని డబ్బా మూలల్లో ఖాళీ పూడ్చడానికి వాడొచ్చు, దానికి నొప్పి తెలియదు. మాత్రియోష్కాలను విడివిడిగా చుట్టకండి. ఒకదాంట్లో ఒకటి పెట్టి మూత తిప్పితే, ఎనిమిదింటికీ కలిపి డబ్బాలో ఒక్కదాని చోటే పడుతుంది.